పోర్ట్ తెరిచినా కెమెరా రాలేదా? డీన్యాట్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు వైపు చిన్న ఆఫీసులకు, రైసు మిల్లులకు, రొయ్యల చెరువుల షెడ్లకు నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. నాకొచ్చే ఫోన్లలో చాలావాటికి ఆరంభం ఒకటే: "అన్నా, పోర్ట్ తెరిచాం గదా, బయట్నించి రాలా!" పోర్ట్ అంటే ఒక ఐపీ అడ్రస్‌లో ఒక్కో సేవకు ఉండే తలుపు నంబరు. అందరికీ విడివిడిగా చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. కింద కనిపించే 203.0.113, 198.51.100 తో మొదలయ్యే అడ్రస్‌లు ఉదాహరణల కోసమే పక్కన పెట్టినవి, ఎవరి లైనువీ కావు.

డీన్యాట్ అంటే రౌటర్ లోపల అసలు ఏం జరుగుతుంది?

లారీ ఆఫీసును తలుచుకోండి. చెన్నై నుంచి మీ పేరున వచ్చే సరుకు నేరుగా మీ ఇంటికి రాదు, ట్రంకు రోడ్డు మీది లారీ ఆఫీసుకు వస్తుంది. గుమాస్తా పెట్టె మీద ఉన్న ఆఫీసు అడ్రస్ కొట్టేసి, మీ వీధి పేరు, డోర్ నంబరు రాసి ఆటో ఎక్కిస్తాడు. ఏ పెట్టె ఎటు పోయిందో తన పుస్తకంలో రాసుకుంటాడు.

రౌటర్ చేసేదీ అదే. న్యాట్ అంటే ప్యాకెట్ (నెట్ మీద పోయే డేటా పెట్టె) మీది అడ్రస్ మార్చడం. గమ్యం అడ్రస్ మారిస్తే డెస్టినేషన్ న్యాట్, అదే డీన్యాట్. పబ్లిక్ ఐపీ అంటే బయటివాళ్లకు కనిపించే మీ అడ్రస్. మీ పబ్లిక్ ఐపీ 203.0.113.25 అనుకుందాం. లోపల డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) 192.168.10.50 మీద ఉంది, వీడియో ఇచ్చే పోర్ట్ 554. బయటికి మాత్రం 8554 అని చూపిస్తున్నారు. బెంగళూరులో ఉన్న మీ అబ్బాయి ఫోన్ నుంచి ప్యాకెట్ వచ్చిందంటే దాని ప్రయాణం ఇలా ఉంటుంది:

వచ్చేటప్పుడు: 198.51.100.7 పోర్ట్ 50412 నుంచి 203.0.113.25 పోర్ట్ 8554 కు
రౌటర్ మార్చాక: 198.51.100.7 పోర్ట్ 50412 నుంచి 192.168.10.50 పోర్ట్ 554 కు
డీవీఆర్ జవాబు: 192.168.10.50 పోర్ట్ 554 నుంచి 198.51.100.7 పోర్ట్ 50412 కు
రౌటర్ దాటాక: 203.0.113.25 పోర్ట్ 8554 నుంచి 198.51.100.7 పోర్ట్ 50412 కు

రెండో లైను దగ్గర కాసేపు ఆగండి. మారింది గమ్యం మాత్రమే. పంపినవాడి అడ్రస్ ఉన్నది ఉన్నట్టే ఉంది. కాబట్టి డీవీఆర్ జవాబు పంపేటప్పుడు 198.51.100.7 కు దారి దానికి తెలిసుండాలి, ఆ జవాబు మళ్లీ ఇదే రౌటర్ గుండా పోవాలి. పుస్తకం ఉన్నది ఈ గుమాస్తా దగ్గరే కదా. జవాబు వేరే దారిన పోతే అడ్రస్ తిరిగి మార్చేవాడు ఉండడు, అవతలి ఫోన్ దాన్ని పట్టించుకోదు. ఈ పేజీలోని తిప్పలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

పోర్ట్ ఫార్వర్డింగ్, వర్చువల్ సర్వర్, వర్చువల్ ఐపీ, డీఎస్‌టీ న్యాట్: ఇవన్నీ వేరువేరా?

అన్నీ ఆ తాను ముక్కలే. ఇళ్లలో ఫైబర్ లైను వచ్చి చేరే ఓఎన్‌యూ బాక్సుల్లో వర్చువల్ సర్వర్ అనో పోర్ట్ ఫార్వర్డింగ్ అనో ఉంటుంది. మైక్రోటిక్ రౌటర్లలో డీఎస్‌టీ న్యాట్, ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లలో వర్చువల్ ఐపీ, లినక్స్‌లో డీన్యాట్. పంపినవాడి అడ్రస్ మార్చేది ఎస్‌న్యాట్, అంటే మీ ఆఫీసులో అందరూ ఒకే ఐపీ మీద నెట్ వాడుకోవడానికి రౌటర్ రోజంతా చేసే పని. మాస్క్వరేడ్ దానికి చెల్లెలు, రౌటర్ తనకు అప్పుడున్న ఐపీనే వేసి పంపుతుంది. ఒక పబ్లిక్ ఐపీని పోర్ట్‌లతో పని లేకుండా మొత్తంగా ఒక యంత్రానికి కట్టేస్తే అది వన్ టు వన్ న్యాట్.

రూల్ రాసేముందు మొదట ఏం చూడాలి?

మీకు పబ్లిక్ ఐపీ ఉందా అని. ఇది చూడకుండా రూల్ మీద రూల్ రాయడమంటే లారీ రాని ఊళ్లో లారీ ఆఫీసు తెరవడమే.

ఐపీవీ4 లో ఉన్న అడ్రస్‌లు మొత్తం 429 కోట్ల చిల్లర. చాలవని 1996లోనే లోపలి వాడకానికి మూడు శ్రేణులు పక్కన పెట్టారు: 10 తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168 తో మొదలయ్యేవి. తర్వాత అవీ చాలక, 2012లో ఆపరేటర్లు తమ వైపే ఇంకో న్యాట్ పెట్టుకోవడానికి 100.64 నుంచి 100.127 దాకా ఇచ్చారు. దీన్నే క్యారియర్ గ్రేడ్ న్యాట్ అంటారు. అంటే మీ గుమాస్తా పైన ఆపరేటర్ దగ్గర ఇంకో గుమాస్తా ఉన్నాడు. ఆయన పుస్తకంలో మీరు రాయలేరు.

రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి లైను వైపు అడ్రస్) చూడండి. నా ఐపీ ఎంత అని చూపించే వెబ్‌సైట్ ఏదైనా తెరిచి, అక్కడిదీ చూడండి. రెండూ ఒకటే అయితే ముందుకు పోవచ్చు. వేరైతే, ముఖ్యంగా వాన్ ఐపీ పైన చెప్పిన శ్రేణుల్లో ఉంటే, మీరు ఎంత చక్కగా రాసినా ఆ రూల్ దాకా ప్యాకెట్ రాదు. అప్పుడు దారులు మూడే: ఆపరేటర్ దగ్గర స్టాటిక్ (మారని) పబ్లిక్ ఐపీ కొనుక్కోవడం, బయట ఒక చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుని దానికి లోపలి నుంచి వీపీఎన్ (ఇంకెవరూ చూడలేని సొరంగం లాంటి దారి) కట్టడం, లేదంటే రెండు వైపులా ఉంటే ఐపీవీ6 వాడుకోవడం. ఒక్క కెమెరా కోసమే అయితే డీవీఆర్ కంపెనీ యాప్‌లో ఉండే క్లౌడ్ పద్ధతి సరిపోతుంది. అది లోపలి నుంచి బయటికి కనెక్ట్ అవుతుంది, పోర్ట్‌తో పని లేదు.

ఓఎన్‌యూ ఒకటి, దాని వెనక మా సొంత రౌటర్ ఒకటి. ఎక్కడ రాయాలి?

మీ రౌటర్ వాన్ ఐపీ 192.168.1.5 లాగా కనిపిస్తోందంటే రెండు న్యాట్‌లు ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టు. రెండింట్లోనూ రాయాలి: ఓఎన్‌యూలో మీ రౌటర్‌కు, రౌటర్‌లో డీవీఆర్‌కు. పని చేస్తుంది కానీ నాకు నచ్చదు. ఏడాది తర్వాత ఓఎన్‌యూ పాడై కొత్తది పెట్టి పోతారు, అందులో రూల్ ఉండదు, తిట్లు మాత్రం మనకు. ఆపరేటర్‌ను అడిగి ఓఎన్‌యూను బ్రిడ్జ్ మోడ్‌లో (తను న్యాట్ చేయకుండా లైనును నేరుగా ఇచ్చేలా) పెట్టించి, పీపీపీఓఈ (ఆపరేటర్ లైనుకు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీ రౌటర్‌లోనే ఇవ్వండి.

రూల్‌లో ఏ గడిలో ఏం నింపాలి?

పెట్టె ఏదైనా అడిగేవి ఇంచుమించు ఇవే: ఏ వైపు నుంచి వచ్చిన ప్యాకెట్, టీసీపీనా యూడీపీనా, బయటి పోర్ట్ ఎంత, లోపలి అడ్రస్ ఎంత, లోపలి పోర్ట్ ఎంత. చివరి మూడూ ఎవరూ తప్పు రాయరు. మొదటి రెండూ ఎవరూ చూడరు.

ప్రొటోకాల్ సంగతి చిన్నదే. టీసీపీ, యూడీపీ అనేవి ప్యాకెట్లు పంపే రెండు పద్ధతులు. వెబ్ పేజీకి, రిమోట్ డెస్క్‌టాప్‌కు టీసీపీ. వైర్‌గార్డ్ వీపీఎన్‌కు యూడీపీ, మామూలుగా 51820. తెలియకపోతే రెండూ టిక్ పెట్టేయడం చాలామంది అలవాటు, అది మానుకోండి.

ఏ వైపు నుంచి అన్న గడి మాత్రం కొంప ముంచుతుంది. ఇది నా చేతులారా జరిగింది. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసు. కెమెరాలన్నీ వేరే నెట్‌వర్క్‌లో, 192.168.20 లో పెట్టాం. మైక్రోటిక్‌లో తొందరగా రూల్ రాశాను: డెస్టినేషన్ పోర్ట్ 443 అయితే 192.168.20.50 కు పంపు. ఇన్ ఇంటర్‌ఫేస్ గడి ఖాళీగా వదిలేశాను, డెస్టినేషన్ అడ్రస్ కూడా. బయటి నుంచి కెమెరా పేజీ టక్కున వచ్చింది, టీ తాగుతూ కూర్చున్నాం. ఐదు నిమిషాల్లో అకౌంటెంట్ లేచొచ్చి, "సార్, జీఎస్‌టీ సైట్ తెరిస్తే ఎర్రగా ఏదో హెచ్చరిక వస్తోంది, బ్యాంకు సైటూ అంతే" అన్నాడు. ఆఫీసులో ఎవరు ఏ సైట్ తెరిచినా పోయేది 443 పోర్ట్‌కే కదా! రూల్ చెప్పినట్టే రౌటర్ చేసింది. మొత్తం ఆఫీసును పట్టుకెళ్లి కెమెరా పెట్టె ముందు నిలబెట్టింది. బ్రౌజర్లు సర్టిఫికెట్ తప్పు అని గోల పెట్టాయి.

కాబట్టి స్టాటిక్ ఐపీ ఉంటే డెస్టినేషన్ అడ్రస్‌గా ఆ ఐపీ రాయండి. మారే ఐపీ అయితే ఇన్ ఇంటర్‌ఫేస్‌గా వాన్ ఇవ్వండి. పీపీపీఓఈ లైనుల్లో ఇంకో మెలిక ఉంది. అక్కడ వాన్ అంటే కేబుల్ గుచ్చిన ఈథర్‌నెట్ పోర్ట్ కాదు, దాని మీద లేచే పీపీపీఓఈ ఇంటర్‌ఫేస్. ఈథర్‌నెట్ పేరు ఇస్తే రూల్ గోడకు వేలాడదీసిన క్యాలెండర్‌లా అలాగే ఉంటుంది, ఒక్క ప్యాకెట్ కూడా తగలదు.

లోపలి యంత్రానికి స్టాటిక్ ఐపీ తప్పనిసరా?

తప్పనిసరి. డీహెచ్‌సీపీ అంటే రౌటర్ తనంతట తను అడ్రస్‌లు పంచడం. అది ఇచ్చిన అడ్రస్ ఇవాళ డీవీఆర్‌ది, రేపు ఇంకెవరిదో. రౌటర్‌లోనే మ్యాక్ అడ్రస్ (యంత్రానికి ఫ్యాక్టరీలో ఇచ్చిన నంబరు) చూసి, ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చేలా రిజర్వేషన్ పెట్టండి. యంత్రంలో చేత్తో రాయడం కంటే ఇదే మేలు, ఎందుకో కింద ముత్తుకూరు కథలో తెలుస్తుంది.

న్యాట్ రూల్ రాశాం కదా, ఫైర్‌వాల్‌లో మళ్లీ ఇంకోటి ఎందుకు?

ఎందుకంటే అడ్రస్ మార్చడం వేరు, లోపలికి రానివ్వడం వేరు. గుమాస్తా అడ్రస్ రాసిచ్చాడని వాచ్‌మన్ గేటు తీయడు, ఆయనకు వేరే చెప్పాలి.

లినక్స్ మీద నడిచే రౌటర్లన్నిట్లో వరస ఇది. ప్యాకెట్ రాగానే ప్రీరౌటింగ్ చైన్‌లో (చైన్ అంటే ఒక దశలో చూసే రూల్స్ వరస) డీన్యాట్ జరుగుతుంది. ఆ తర్వాతే ఎటు పంపాలన్న నిర్ణయం, దాని తర్వాత ఫార్వర్డ్ చైన్‌లో ఫైర్‌వాల్ తనిఖీ. లినక్స్ ఫైర్‌వాల్ పనిముట్టు ఐపీటేబుల్స్ వచ్చిన 2.4 కెర్నల్ నాటి నుంచీ ఇదే వరస, ఇప్పటి ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లోనూ ఇదే.

దీన్ని బట్టి రెండు తప్పులు తేలిగ్గా దొరుకుతాయి. ఇన్‌పుట్ చైన్‌లో 8554 ను అనుమతించి కూర్చోవడం మొదటిది. ఇన్‌పుట్ అంటే రౌటర్‌లోనే ఆగిపోయే ప్యాకెట్లకు, మనది దాటి పోయేది. రెండోది, ఫార్వర్డ్ చైన్‌లో 203.0.113.25, 8554 అని రాయడం. అక్కడికి వచ్చేసరికి ప్యాకెట్ మీద ఆ అడ్రస్ లేనే లేదు, 192.168.10.50, 554 ఉంది. ఫార్వర్డ్‌లో రాయాల్సింది ఇదే. సొంతంగా కట్టిన లినక్స్ పెట్టె అయితే ఐపీ ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా ఓసారి చూడండి. అది సున్నా అయితే అవతలికి ఏదీ పోదు.

అన్ని ఫైర్‌వాల్‌లలోనూ లోపలి అడ్రస్సే రాయాలా?

కాదు. కంపెనీ మారి పనిచేసేవాళ్లు ఇక్కడే తడబడతారు. మైక్రోటిక్ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో వాన్ నుంచి వచ్చినవాటిలో డీఎస్‌టీ న్యాట్ కానివి మాత్రమే ఆపే రూల్ ముందే ఉంటుంది. అది చెరపకపోతే న్యాట్ రూల్ ఒక్కటి చాలు. పీఎఫ్‌సెన్స్ పోర్ట్ ఫార్వర్డ్ రాస్తుంటేనే జత ఫైర్‌వాల్ రూల్ తనే చేసి పెడుతుంది, అందులో ఉండేది లోపలి అడ్రస్. ఫోర్టిగేట్‌లో వర్చువల్ ఐపీ అన్న ఆబ్జెక్ట్ తయారుచేసి, దాన్నే పాలసీలో డెస్టినేషన్‌గా పెట్టాలి. పాలసీలో పెట్టని వర్చువల్ ఐపీ ఉత్త పేరే. సిస్కో ఏఎస్‌ఏలో 8.3 వెర్షన్‌కు ముందు బయటి అడ్రస్ రాసేవాళ్లం, 8.3 నుంచి లోపలి అసలు అడ్రస్ రాయాలి. పాత నోట్సు చూసి చేసేవాళ్లు జాగ్రత్త. పాలో ఆల్టోది అన్నిటికంటే విడ్డూరం: అడ్రస్ మార్పుకు ముందుది, జోన్ (లోపల, బయట అన్న విభాగం) మార్పుకు తర్వాతది. అంటే డెస్టినేషన్‌గా పబ్లిక్ ఐపీ రాసి, జోన్‌గా లోపలి జోన్ ఇవ్వాలి. మొదటిసారి చూసినప్పుడు నేను అచ్చుతప్పు అనుకున్నాను.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా రావట్లేదు. ఎక్కడి నుంచి వెతకాలి?

రూల్ పక్కన, దానికి ఎన్ని ప్యాకెట్లు తగిలాయో చూపే కౌంటర్ నుంచి. ముందు మీ ఫోన్‌లో వైఫై తీసేసి మొబైల్ డేటా పెట్టండి, లేకపోతే పరీక్షే తప్పు. కనెక్ట్ చేస్తూ కౌంటర్ చూడండి. అది కదలకపోతే ప్యాకెట్ మీ దాకా రావట్లేదు: క్యారియర్ న్యాట్, ఆపరేటర్ ఆ పోర్ట్‌ను ఆపడం, రూల్‌లో తప్పు ఇంటర్‌ఫేస్. కదులుతోందంటే రూల్ తన పని చేసింది, తప్పు అవతల ఉంది. ఈ ఒక్క చూపుతో వెతకాల్సిన జాగా సగానికి పడిపోతుంది.

ముత్తుకూరు వైపు ఒక రొయ్యల చెరువు షెడ్డులో ఇది నాకు బాగా తెలిసొచ్చింది. రాత్రి తొమ్మిది దాటింది, ఏరేటర్ల హోరులో మాట వినపడదు. యజమాని నెల్లూరులో ఉండి చెరువు గట్లు చూసుకోవాలి. రూల్ కౌంటర్ ప్రతిసారీ ఒకటి రెండు పెరుగుతోంది. షెడ్డులో నా ల్యాప్‌టాప్ నుంచి డీవీఆర్ పేజీ చక్కగా తెరుచుకుంటోంది, పింగ్‌కు జవాబొస్తోంది. బయటి నుంచి మాత్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఫైర్‌వాల్ రూల్స్ రెండుసార్లు చెరిపి రాశాను. గంటన్నర పోయింది.

చివరికి రౌటర్‌లో ల్యాన్ (లోపలి) వైపు ప్యాకెట్ క్యాప్చర్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపేది) పెట్టాను, మొదటే చేయాల్సిన పని. ఫోన్ నుంచి వచ్చిన సిన్ ప్యాకెట్ (కనెక్షన్ మొదలుపెట్టేది) 192.168.10.50 కు పోయింది. ఒక సెకను తర్వాత అదే ప్యాకెట్ మళ్లీ, ఇంకో రెండు సెకన్లకు మళ్లీ, నాలుగు సెకన్లకు మళ్లీ. అటు నుంచి జవాబు ఒక్కటీ లేదు. డీవీఆర్ మెనూ తెరిచి నెట్‌వర్క్ పేజీ చూస్తే గేట్‌వే (బయటికి పోయేవి అప్పగించాల్సిన రౌటర్ అడ్రస్) 192.168.1.1 అని ఉంది. అది పాత రౌటర్ అడ్రస్. ఇప్పటిది 192.168.10.1. ఐపీ మార్చినవాళ్లు గేట్‌వే మార్చలేదు. రిజర్వేషన్ అయితే గేట్‌వే కూడా రౌటరే ఇచ్చేది. నా ల్యాప్‌టాప్ అదే సబ్‌నెట్‌లో (లోపలి నెట్‌వర్క్‌లో) ఉంది కాబట్టి దానికి జవాబివ్వడానికి గేట్‌వే అక్కర్లేదు, అందుకే లోపల అంతా బాగుంది. బయటివాడికి జవాబివ్వాలంటే గేట్‌వే కావాలి, అది లేని ఇంటి నంబరు. ఒక్క అంకె మార్చగానే గట్టు మీద లైటు, దాని చుట్టూ పురుగులు ఫోన్‌లో కనిపించాయి.

గేట్‌వే సరిగ్గానే ఉంటే తర్వాత అనుమానించాల్సింది ఆ యంత్రం సొంత ఫైర్‌వాల్. విండోస్‌లో కొన్ని రూల్స్ లోకల్ సబ్‌నెట్‌కు మాత్రమే అనుమతిస్తాయి. లోపల నుంచి వస్తుంది, బయటి నుంచి రాదు. లక్షణాలు అచ్చం గేట్‌వే జబ్బులాగే ఉంటాయి.

బయట నుంచి వస్తుంది, ఆఫీసు వైఫైలో ఉంటే అదే లింకు రాదు. ఎందుకు?

దీన్ని హెయిర్‌పిన్ న్యాట్ సమస్య అంటారు, తలపిన్నులా వెళ్లిన వైపుకే తిరిగి రావాలి కాబట్టి. నెల్లూరు పొగతోటలో ఒక ల్యాబ్‌లో డాక్టరుగారు ఇంట్లో రిపోర్టులు చూస్తారు, ల్యాబ్‌కొస్తే తెరుచుకోవు.

లోపలి ఫోన్ 192.168.10.23 పబ్లిక్ ఐపీకి ప్యాకెట్ పంపింది. రౌటర్ గమ్యం మార్చి 192.168.10.50 కు ఇచ్చింది. సర్వర్ చూసింది, అడిగినవాడు 192.168.10.23, పక్కింటివాడే. రౌటర్ ఎందుకని నేరుగా జవాబిచ్చేసింది. ఫోన్ ఎదురుచూస్తున్నది 203.0.113.25 నుంచి, వచ్చింది 192.168.10.50 నుంచి. "నేను నిన్నడగలేదే" అని పారేస్తుంది.

మందులు రెండు. మొదటిది, లోపలి నెట్‌వర్క్ నుంచి ఆ సర్వర్‌కు పోయే ప్యాకెట్లకు మాస్క్వరేడ్ కూడా చేయడం. అప్పుడు అడిగింది రౌటరే అనుకుని సర్వర్ దానికే జవాబిస్తుంది. గమనించండి, ఇక్కడ డీన్యాట్ రూల్‌లో ఇన్ ఇంటర్‌ఫేస్ వాన్ అని ఉంటే లోపలి ప్యాకెట్‌కు అది తగలదు, పబ్లిక్ ఐపీని డెస్టినేషన్‌గా రాయాలి. పీఎఫ్‌సెన్స్‌లో దీనికి న్యాట్ రిఫ్లెక్షన్ అనే ఎంపిక ఉంది, మొదట ఆఫ్‌లో ఉంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో మొదటి నుంచే ఆన్. రెండో మందు నాకిష్టం: ఐపీ బదులు ఒక పేరు వాడి, లోపలి డీఎన్‌ఎస్‌లో (పేరుకు అడ్రస్ చెప్పే చోట) ఆ పేరుకు 192.168.10.50 అని, బయట పబ్లిక్ ఐపీ అని ఇవ్వడం. మాస్క్వరేడ్ చేస్తే సర్వర్ లాగ్‌లో లోపలివాళ్లందరూ రౌటర్ పేరుతోనే కనిపిస్తారు. ఎవరు ఏం చేశారో తెలియదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లు 180 రోజులు దాచాలి. దాచిన లాగ్ నిండా ఒకే అడ్రస్ ఉంటే ఏం లాభం?

రెండు ఆపరేటర్ల లైన్లున్నాయి. ఒకదాని మీద వస్తుంది, రెండోదాని మీద రాదు.

రెండో లైను మీద వచ్చినదానికి జవాబు మొదటి లైను గుండా పోతోంది, అదే డిఫాల్ట్ దారి కనుక. రెండో లైను నుంచి వచ్చిన కనెక్షన్లకు గుర్తు పెట్టి, ఆ గుర్తున్న జవాబులు ఆ లైనులోంచే పోయేలా వేరే రౌటింగ్ టేబుల్ రాయాలి. మైక్రోటిక్‌లో మ్యాంగిల్‌లో కనెక్షన్ మార్క్, రౌటింగ్ మార్క్. పీఎఫ్‌సెన్స్‌లో వాన్ ఇంటర్‌ఫేస్‌కు గేట్‌వే సరిగ్గా ఇచ్చి ఉంటే అదే చూసుకుంటుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా లింకు చచ్చిపోతోంది.

ఐపీ మారిపోతోంది. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే మా వైపు రోజుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పలేం. డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టుకోండి, రౌటర్ తన కొత్త ఐపీని తనే నమోదు చేసుకుంటుంది. రూల్‌లో డెస్టినేషన్‌గా పాత ఐపీ రాసి ఉంటే దాన్ని కూడా మార్చాలి, లేదా ఇంటర్‌ఫేస్ పద్ధతికి పోవాలి.

రూల్ తీసేశాను, అయినా అవతలివాడు ఇంకా కనెక్ట్ అయ్యే ఉన్నాడు!

న్యాట్ రూల్స్‌ను చూసేది కనెక్షన్‌లోని మొదటి ప్యాకెట్‌కు మాత్రమే. ఆ తర్వాతవన్నీ పుస్తకంలో రాసుకున్నదాని ప్రకారమే పోతాయి. పైన చెప్పిన కౌంటర్ ఒకటి రెండు మాత్రమే పెరగడానికీ ఇదే కారణం. కనెక్షన్ ట్రాకింగ్ పట్టికలో ఆ వరసను చెరపండి, లేదా రౌటర్ రీస్టార్ట్ చేయండి. కొత్త రూల్ రాసి పాత కనెక్షన్‌తోనే పరీక్షించి, పని చేయలేదని నిరాశపడేవాళ్లకూ ఇదే జవాబు.

పోర్ట్ నంబరు మారిస్తే భద్రమేనా? రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389 బదులు 45389 పెట్టాను.

కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో జీమ్యాప్ అనే పరికరం తెచ్చారు. ఒక్క కంప్యూటర్, ఒక గిగాబిట్ లైను ఉంటే ఐపీవీ4 ఇంటర్నెట్ మొత్తాన్ని ఒక పోర్ట్ మీద 45 నిమిషాల లోపు తట్టి రావచ్చు. మీ 45389 ను ఇవాళ కాకపోతే రేపు తడతారు. నంబరు మార్చడం వల్ల లాగ్‌లో చెత్త తగ్గుతుంది, అంతే.

డీఎంజెడ్ హోస్ట్ అని ఒకటుంది, అది పెడితే అన్నీ పని చేస్తాయంటున్నారు?

చేస్తాయి, దొంగలకు కూడా. బయటి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ ఆ ఒక్క యంత్రానికి తోసేస్తుంది. వద్దు. యూపీఎన్‌పీ కూడా ఆఫ్ చేయండి. లోపల ఏ చవక బల్బో టీవీనో అడిగితే మిమ్మల్ని అడక్కుండా పోర్ట్ తెరిచే సదుపాయం అది.

మరి డీవీఆర్‌కు, ట్యాలీ కంప్యూటర్‌కు పోర్ట్ తెరవచ్చా?

నా మాట: తెరవకండి. తెరవడం నేర్పుతూ వద్దంటున్నాడేంటి అనుకోవచ్చు, కానీ ఈ పని చేసేకొద్దీ నాకు కలిగిన అభిప్రాయం ఇదే.

2016లో మిరాయ్ అనే పురుగు కెమెరాలు, డీవీఆర్‌ల మీదే బతికింది. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు 60కి పైగా జాబితాగా పెట్టుకుని, టెల్‌నెట్ అనే పాత రిమోట్ లాగిన్ పద్ధతి మీద ఒక్కోటీ ప్రయత్నించేది. ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద అలాంటి పెట్టెలన్నీ కలిసి పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోలేదు. రిమోట్ డెస్క్‌టాప్ సంగతికొస్తే, 2019 మే లో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ తెలియకపోయినా లోపలికి రాగల లోపం. మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా దానికోసం ప్యాచ్ ఇచ్చింది. పాత విండోస్ 7 మీద ట్యాలీ నడుపుతూ 3389 తెరిచిన ఆఫీసు కనిపిస్తే నాకు టెన్షన్.

తెరవక తప్పకపోతే, ఎవరి నుంచి వస్తే అనుమతించాలో రాయండి. ఒంగోలు బ్రాంచికి స్టాటిక్ ఐపీ ఉంటే రూల్‌లో సోర్స్ అడ్రస్‌గా అది ఒక్కటే పెట్టండి. కెమెరాలను వేరే నెట్‌వర్క్‌లో ఉంచి, అక్కడి నుంచి లెక్కల కంప్యూటర్ వైపు దారి మూసేయండి. అన్నిటికంటే మేలైన పద్ధతి రౌటర్‌లోనే వైర్‌గార్డ్ పెట్టి, ఒక్క యూడీపీ పోర్ట్ మాత్రం ఇన్‌పుట్ చైన్‌లో తెరవడం. సరైన తాళంచెవి లేకుండా తట్టినవాడికి అది జవాబే ఇవ్వదు. ఫోన్‌లో బటన్ నొక్కితే చాలు, మీరు షెడ్డులో కూర్చున్నట్టే. ఇందులో డీన్యాట్‌తో పనే లేదు, హెయిర్‌పిన్ గొడవా లేదు. పబ్లిక్ ఐపీ మాత్రం కావాలి.

ఐపీవీ6 వస్తే ఇదంతా పోతుందా?

అడ్రస్ మార్చే పని పోతుంది, ప్రతి యంత్రానికీ సొంత పబ్లిక్ అడ్రస్ ఉంటుంది కనుక. వాచ్‌మన్ మాత్రం ఉంటాడు. ఫార్వర్డ్ చైన్‌లో అనుమతి రూల్ రాయాల్సిందే. ఐపీవీ4 ఫైర్‌వాల్ బిగించి ఐపీవీ6 వైపు తలుపు బార్లా వదిలేసిన రౌటర్లు కనిపిస్తున్నాయి, చూసుకోండి.

ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ, ఐపీ ఫోన్లు ఎందుకు మొండికేస్తాయి?

ఇవి అడ్రస్‌ను పెట్టె మీదే కాదు, పెట్టె లోపలి ఉత్తరంలోనూ రాస్తాయి. రౌటర్ పైది మారుస్తుంది, లోపలిది మారదు. ఎఫ్‌టీపీకి 21 తో పాటు, ఫైళ్లు పోయే ప్యాసివ్ పోర్ట్‌ల వరస ఒకటి సర్వర్‌లో నిర్ణయించి అదీ ఫార్వర్డ్ చేయాలి. ఐపీ ఫోన్లలో ఒకరి మాటే వినిపిస్తుంటే ముందు రౌటర్‌లో ఎస్‌ఐపీ ఏఎల్‌జీ (ఫోన్ ప్యాకెట్ల లోపలి అడ్రస్ కూడా మార్చే సదుపాయం) ఆఫ్ చేసి చూడండి. సాయం చేయబోయి చెడగొట్టేది ఎక్కువసార్లు అదే.

పాత రూల్స్ చాలా ఉన్నాయి, ఏవి తీసేయాలి?

ప్రతి రూల్‌కూ కామెంట్ గడి ఉంటుంది. ఎవరడిగారు, దేనికి, ఏ తేదీన అని రాయండి. కామెంట్ లేని పాత రూల్‌ను నేను వెంటనే చెరపను. డిజేబుల్ చేసి నెల రోజులు చూస్తాను, ఎందుకంటే నెలాఖరు లెక్కలకు మాత్రమే వాడేవాళ్లుంటారు. ఈ మధ్య ఒక రైసు మిల్లులో అలాంటి రూల్ ఒకటి దొరికింది. అందులో రాసిన 192.168.10.60 ఎప్పుడో తీసేసిన కాటా కంప్యూటర్‌ది. ఇప్పుడా అడ్రస్ ఎవరిదా అని డీహెచ్‌సీపీ జాబితా చూస్తే, మిల్లు ఓనరు మనవరాలి ట్యాబ్‌ది.